తొలితరం అమెరికన్ కుటుంబాల వంశచరిత్రను కౌంటీ రికార్డుల్లో వెతకడం: సమగ్ర మార్గదర్శి

అబ్రహాం లింకన్ తల్లిదండ్రులైన థామస్ లింకన్, నాన్సీ హ్యాంక్స్‌ల వివాహ పత్రాలు చాలా కాలం ఎవరికీ దొరకలేదు. ఆ దంపతులు కాపురం పెట్టిందీ, లింకన్ పుట్టిందీ కెంటకీ రాష్ట్రంలోని హార్డిన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా వంటి పాలనా విభాగం) కాబట్టి వెతికినవారు అక్కడే వెతికారు. లింకన్ మరణించిన 13 ఏళ్లకు, 1878లో, అవి వాషింగ్టన్ కౌంటీ కోర్టు కాగితాల్లో బయటపడ్డాయి. 1806 జూన్ 10న రాసిన పెళ్లి పూచీపత్రమూ, జూన్ 12న పెళ్లి జరిపించినట్టు జెస్సీ హెడ్ అనే మతబోధకుడు పంపిన నివేదికా అక్కడ భద్రంగానే ఉన్నాయి. పత్రాలు ఎక్కడికీ పోలేదు, వెతికిన చోటే వేరు.

తొలి కాలపు అమెరికన్ కుటుంబాన్ని వెతికేవారు అందరికంటే ముందు అలవరచుకోవలసిన పద్ధతి ఈ ఉదంతంలోనే ఉంది. పేరు వెంట పరుగెత్తకూడదు. ఫలానా తేదీన, ఫలానా నేల మీద ఏ కౌంటీకి అధికారం ఉండేదో తేల్చుకుని, ఆ కౌంటీ పుస్తకాల్లో ఆ మనిషి భూమినీ, ఇరుగుపొరుగునీ పట్టుకోవాలి. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో అల్లుడో కోడలో ఇలాంటి పాత కుటుంబం నుంచి వచ్చినప్పుడు, పిల్లల కోసం రెండు వైపుల వంశవృక్షమూ రాయాలనుకునేవారికి కూడా ఈ పద్ధతి పనికివస్తుంది. ఇక్కడ ఉదాహరణలు చాలావరకు లింకన్ కుటుంబానివే తీసుకుంటున్నాను. ఆ పత్రాలను ఎందరో పరీక్షించారు, వాటిలో సామాన్య వలస కుటుంబానికి ఎదురయ్యే చిక్కులన్నీ ఉన్నాయి.

కౌంటీయే ఎందుకు?

జనన మరణాలను రాష్ట్ర స్థాయిలో నమోదు చేయడం చాలా రాష్ట్రాల్లో 19వ శతాబ్దం చివరి నుంచి 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల మధ్య గాని స్థిరపడలేదు. కెంటకీలో అది 1911లో మొదలైంది. అంతకు ముందు ఒక రైతు జీవితంలో కాగితానికెక్కిన సంఘటనలు పెళ్లి, భూమి కొనుగోలు, పన్ను, అప్పు, తగాదా, చావు తర్వాత ఆస్తి పంపకం మాత్రమే. వీటన్నిటినీ నమోదు చేసింది కౌంటీ కోర్టు, ఆ కోర్టు క్లర్కు. అందువల్ల మనకు దొరికేది వంశవృక్షం కాదు, ఆస్తి లావాదేవీల చిట్టా. బంధుత్వాన్ని ఆ లావాదేవీల నుంచి మనమే రాబట్టుకోవాలి.

మొదటి మెట్టు: తెలిసిన తరం నుంచి వెనక్కి నడవడం

ప్రసిద్ధుడైన పూర్వీకుణ్ణి ఎంచుకుని అతని నుంచి కిందికి దిగి రావడం ప్రమాదకరం. బతికున్నవారి నుంచి మొదలుపెట్టి, ప్రతి తరాన్నీ పత్రంతో ముడివేస్తూ వెనక్కి వెళ్లాలి. 1850 వరకు ఈ ప్రయాణం కొంత సులువు, ఎందుకంటే ఆ ఏటి సమాఖ్య జనాభా లెక్కలతోనే ఇంట్లోని స్వతంత్రులందరి పేర్లూ రాయడం మొదలైంది. అయితే ఇంటి యజమానితో ఎవరికి ఏ బంధుత్వమో రాసింది 1880 నుంచి మాత్రమే. 1850లో ఒకే కప్పు కింద కనిపించిన పిల్లలందరినీ ఆ భార్యాభర్తల పిల్లలనే అనుకోవడం తొందరపాటు. 1890 లెక్కల్లో అధికభాగం 1921లో జరిగిన అగ్నిప్రమాదం తర్వాత నాశనమయ్యాయి కాబట్టి 1880కీ 1900కీ మధ్య ఉన్న ఖాళీని పన్ను జాబితాలతోనో, పట్టణ డైరెక్టరీలతోనో పూడ్చుకోవాలి.

1790 నుంచి 1840 వరకు జరిగిన లెక్కల్లో ఇంటి యజమాని పేరు ఒక్కటే ఉంటుంది, మిగిలినవారు వయసు గడుల్లో అంకెలుగా మిగిలిపోతారు. కెంటకీ విషయంలో 1790, 1800 లెక్కలు అసలు మిగలలేదు. నిజమైన కౌంటీ పని ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఇంట్లో పెద్దలు చెప్పుకునే కథలను కూడా రాసుకోవాలి, కానీ వాటిని దారిచూపేవిగా మాత్రమే తీసుకోవాలి. లింకన్ 1859లో తన గురించి రాసుకున్న సంక్షిప్త జీవితవృత్తాంతంలో, తన తాత వర్జీనియాలోని రాకింగ్‌హామ్ కౌంటీ నుంచి 1781లోనో 1782లోనో కెంటకీకి వచ్చాడనీ, ఒకటి రెండేళ్లకే స్థానిక అమెరికన్ ఇండియన్ల చేతిలో హతుడయ్యాడనీ రాశాడు. ఆ మరణం జరిగింది 1786లో. స్థలం, సంఘటన సరిగ్గా ఉన్నాయి, కాలం మాత్రం కొన్నేళ్లు పక్కకు జరిగింది. కుటుంబ స్మృతిలో సాధారణంగా కనిపించే లోపం ఇదే కాబట్టి, ఇంట్లో చెప్పిన సంవత్సరానికి అటూ ఇటూ కొన్నేళ్లు చూడకుండా ఏ పుస్తకాన్నీ మూసేయకూడదు.

రెండో మెట్టు: కౌంటీకే ఒక వంశవృక్షం గీయడం

మనుషుల వంశవృక్షానికి ముందు కౌంటీ వంశవృక్షం గీసుకోవాలి. లింకన్ తల్లిదండ్రుల పెళ్లి జరిగిన వాషింగ్టన్ కౌంటీనే చూడండి. అది 1792లో నెల్సన్ కౌంటీ నుంచి ఏర్పడింది. నెల్సన్ 1785లో జెఫర్సన్ నుంచి విడివడింది. జెఫర్సన్, 1780లో పాత కెంటకీ కౌంటీని మూడుగా చీల్చినప్పుడు పుట్టింది. కెంటకీ కౌంటీని 1776 చివరలో ఫిన్‌కాజిల్ కౌంటీ నుంచి వేరుచేశారు. ఫిన్‌కాజిల్ 1772లో బాటటాట్ నుంచి, బాటటాట్ 1770లో ఆగస్టా నుంచి వచ్చాయి. నేల మారలేదు, 25 ఏళ్లు తిరగకుండానే దాని మీద అధికారం ఉన్న కోర్టు ఆరుసార్లు మారింది. 1792 జూన్ 1 వరకు ఇదంతా వర్జీనియా రాష్ట్రంలోనిదే కాబట్టి, కెంటకీ పూర్వీకుడి భూపత్రం కోసం వర్జీనియా రికార్డులూ చూడాలి.

కొత్త కౌంటీ ఏర్పడినప్పుడు పాత పుస్తకాలను దానికి అప్పగించరు. అవి తల్లి కౌంటీలోనే ఉంటాయి. లింకన్ ముత్తాతకు తండ్రి అయిన మోర్డెకై 1736లో మరణించిన చోటు ఈనాడు పెన్సిల్వేనియాలోని బర్క్స్ కౌంటీలో ఉంది, కానీ ఆ కౌంటీ 1752లో గాని ఏర్పడలేదు. అతని వీలునామాను వెతకవలసింది ఫిలడెల్ఫియాలో. ఇలాంటిదే మరో ఉదాహరణ ఉంది: లింకన్ 1809లో పుట్టింది హార్డిన్ కౌంటీలోనే అయినా ఆ స్థలం 1843 నుంచి లరూ కౌంటీలోకి వచ్చింది.

షికాగోలోని న్యూబెరీ లైబ్రరీ తయారుచేసిన చారిత్రక కౌంటీ సరిహద్దుల అట్లాసు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో తేదీ ఇచ్చి ఆ రోజు సరిహద్దులు ఎక్కడున్నాయో చూడవచ్చు. ఒక కాగితం మీద ఎడమవైపు సంవత్సరాలు, కుడివైపు ఆయా సంవత్సరాల్లో అధికారం ఉన్న కౌంటీ, దాని కోర్టు ఉన్న ఊరు రాసి, పరిశోధన పూర్తయ్యే దాకా ఎదురుగా పెట్టుకోండి. కుటుంబం సరిహద్దుకు దగ్గరగా ఉంటే పక్క కౌంటీని కూడా చేర్చండి.

మూడో మెట్టు: పుస్తకాలను చేరుకోవడం, చదవడం

కౌంటీ పుస్తకాల్లో చాలావాటిని దశాబ్దాల పాటు మైక్రోఫిల్ముగా తీశారు, ఇప్పుడు వాటి చిత్రాలు ఫ్యామిలీసెర్చ్ సైటులో ఉచితంగా ఉన్నాయి. అక్కడ మొదటి పేజీలో పేరు టైపుచేసి వచ్చిన ఫలితాలతో ఆగిపోవడం చాలామంది చేసే పని. కేటలాగులోకి వెళ్లి, రాష్ట్రం, కౌంటీ పేరుతో వెతికి, భూమి, ప్రొబేటు (మరణానంతర ఆస్తి పత్రాలు), పన్ను, కోర్టు శీర్షికల కింద ఉన్న పుస్తకాలను ఒక్కొక్కటిగా తెరవాలి. పేర్ల సూచికకు ఎక్కని పుస్తకాలే అధికం. చేతిరాతను కంప్యూటరే చదివి పూర్తి పాఠంలో వెతికే సౌకర్యం ఇటీవల వచ్చింది. దాని వల్ల సాక్షులుగా, పొరుగువారుగా మాత్రమే కనిపించే మనుషులు కూడా దొరుకుతున్నారు, కానీ దాని పాఠంలో తప్పులుంటాయి కాబట్టి అసలు చిత్రం చదవకుండా ఏదీ రాసుకోవద్దు. కొన్ని చిత్రాలను ఆ సంస్థతో అనుబంధమున్న గ్రంథాలయానికి వెళ్లి చూడవలసి ఉంటుంది. మిగిలినవాటికి రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారమో, కౌంటీ క్లర్కు కార్యాలయమో దిక్కు.

చేతిరాతకు అలవాటు పడటానికి ఒకే క్లర్కు రాసిన పేజీలను వరుసగా చదవాలి. ఆ కాలంలో పదం మధ్యలో వచ్చే ‘ఎస్’ అక్షరాన్ని పొడవుగా ‘ఎఫ్’లా రాసేవారు, జెస్సీ అన్న పేరు మనకు ‘జెఫ్సీ’ అనో ‘జెపే’ అనో కనిపిస్తుంది. క్లర్కు చెవికి ఎలా వినిపిస్తే పేరు అలా రాసేవాడు. లింకన్ తాత కొన్న భూమి పత్రాల్లో ఇంటిపేరు ‘లింక్‌హార్న్’ అని ఉంది. ఇంటిపేరుకు ఉండగల వర్ణక్రమాలన్నీ ముందే రాసుకుని, ప్రతి సూచికలోనూ అన్నిటినీ చూడాలి. 1752కు ముందు బ్రిటిష్ వలసల్లో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. జనవరి, ఫిబ్రవరి నెలల తేదీలకు అందుకే రెండు సంవత్సరాలు గీతతో కలిపి రాసి ఉంటాయి.

నాలుగో మెట్టు: భూమి

నా అభిప్రాయంలో, ఒకే రకం రికార్డు చూసే అవకాశం ఉంటే భూమి రికార్డే చూడాలి. తొలి వలసదారుల్లో ఎక్కువమంది నేల కోసం వచ్చినవారు. ఆ నేల అప్పటికే అక్కడ బతుకుతున్న స్థానిక తెగలది. యుద్ధాలూ ఒప్పందాలూ ఏ సంవత్సరంలో ఎక్కడిదాకా వచ్చాయో తెలుసుకోకుండా, కుటుంబం ఆ సంవత్సరంలోనే అక్కడికి ఎందుకు కదిలిందో అర్థం కాదు.

మొదట ఆ రాష్ట్రం ఏ పద్ధతిలోదో చూడాలి. తొలి 13 రాష్ట్రాలు, వాటితోపాటు కెంటకీ, టెనెసీ, టెక్సస్ వంటివి తమ భూమిని తామే పంచాయి. అక్కడ వారంటు (ఇంత భూమి పొందే అనుమతి), ఎంట్రీ (ఫలానా చోటు కావాలన్న నమోదు), సర్వే, పట్టా అనే నాలుగు దశల్లో కాగితాలు పుట్టేవి, హద్దులను చెట్లతో, వాగులతో, పొరుగువారి పేర్లతో చెప్పేవారు. మన దస్తావేజుల్లోని చెక్కుబందీ ఎంత విలువైనదో ఇక్కడి హద్దుల వర్ణనా అంతే విలువైనది, ఎందుకంటే ఆ పొరుగువారిలోనే భార్య పుట్టిల్లు ఉండవచ్చు. ఒహాయో నదికి ఉత్తరాన, పశ్చిమాన ఉన్న ఇండియానా, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాల్లో భూమి సమాఖ్య ప్రభుత్వానిది. 1785 చట్టం ప్రకారం అక్కడ దాన్ని ఆరు మైళ్ల చదరపు టౌన్‌షిప్పులుగా, ఒక్కో టౌన్‌షిప్పును 640 ఎకరాల చొప్పున 36 సెక్షన్లుగా కొలిచారు. ఈ పట్టాల చిత్రాలను సమాఖ్య భూ నిర్వహణ సంస్థ తన సైటులో ఉచితంగా చూపిస్తుంది.

థామస్ లింకన్ జీవితం ఈ రెండు పద్ధతులకూ మధ్య నడిచింది. కెంటకీలో సర్వేలు ఒకదాని మీద ఒకటి పడి హక్కులు చిక్కుపడేవి. అతను 1803లో 238 ఎకరాలుగా కొన్న పొలాన్ని 1814లో 200 ఎకరాలుగానే అమ్మాడు. కుటుంబం 1816లో ఇండియానాకు తరలివెళ్లడానికి బానిసత్వం కొంత కారణమైనా, ముఖ్య కారణం కెంటకీ భూహక్కుల చిక్కేనని లింకన్ స్వయంగా రాశాడు. మరుసటి ఏడు అక్టోబరులో థామస్ విన్సెన్స్ భూకార్యాలయం ద్వారా 160 ఎకరాలను ఎకరా రెండు డాలర్ల చొప్పున వాయిదాల మీద తీసుకున్నాడు. చివరికి 1827లో అందులో సగానికే పూర్తి హక్కు పొందాడు. హక్కు దావాలు, వాయిదాలు, వదులుకున్న ఎకరాలు కలిసి ఆ కుటుంబం ఎందుకు కదిలిందో చెబుతాయి. వట్టి జనన తేదీలు ఆ సంగతి చెప్పలేవు.

కౌంటీ దస్తావేజుల పుస్తకాల్లో అమ్మినవారి సూచిక, కొన్నవారి సూచిక రెండూ చూడాలి. మీ పూర్వీకుడు కొన్న ప్రతి ఎకరా ఎలా చేతికొచ్చిందో, ఎలా చేయి దాటిందో లెక్క తేలాలి. కొన్న దస్తావేజు లేకుండా అమ్మిన భూమి కనిపిస్తే, అది వారసత్వంగానో, భార్య వైపు నుంచో వచ్చి ఉండే అవకాశం బలంగా ఉంది. భూమి అమ్మేటప్పుడు భార్య తన మూడోవంతు జీవితకాలపు హక్కును వదులుకుంటున్నట్టు ఆమెను వేరుగా విచారించి రాసేవారు. ఆమె పేరు మిగిలిన ఏకైక పత్రం అదే కావచ్చు. ఒక డాలరుకో, ప్రేమాభిమానాల కోసమనో రాసిచ్చిన భూమి దాదాపు ఎప్పుడూ బంధువుకే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వారి భర్తలు కలిసి సంతకాలు చేసి తమ వాటాలను అమ్మిన దస్తావేజు దొరికితే, ఒక తరం మొత్తం ఒకే పేజీలో దొరికినట్టే. దస్తావేజు రాసిన తేదీ, నమోదైన తేదీ వేరువేరుగా రాసుకోండి. మధ్యలో పదేళ్లు గడిచినా ఆశ్చర్యం లేదు.

హద్దుల కొలతలను కాగితం మీద గీసి చూడటం విసుగు పుట్టించినా ఫలితమిచ్చే పని. ఒక ‘పోల్’ అంటే పదహారున్నర అడుగులు, నాలుగు పోల్‌లు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. మన దేశంలోనూ భూమి కొలవడానికి ఆ గొలుసును వాడారు; తెలంగాణలోని గుంట ఒక్కో పక్క సరిగ్గా దానిలో సగం, అంటే 33 అడుగులు ఉండే చదరం. పొరుగు పొలాలను కూడా గీసి అతికిస్తే, ఒకే పేరున్న ఇద్దరిలో ఎవరు ఏ వాగు ఒడ్డున ఉన్నారో కళ్లకు కనిపిస్తుంది.

ఐదో మెట్టు: పన్ను జాబితాలు

వీటిని ఒక్క ఏడు చూసి వదిలేస్తే ఉపయోగం లేదు, ఏటేటా వరుసగా చదవాలి. నిర్ణీత వయసు రాగానే యువకుడు పన్నుకు ఎక్కుతాడు. ఆ వయసు 16 ఏళ్లా, 21 ఏళ్లా అన్నది ఆ రాష్ట్రంలో ఆనాడున్న చట్టాన్ని బట్టి ఉంటుంది. తండ్రి పేరు కింద పన్ను లెక్కలో ఒక ఏడు పెరిగిన మనిషి, కొన్నేళ్లకు సొంత పేరుతో కనిపించే కొడుకు, ఒక ఏడు అకస్మాత్తుగా భర్త స్థానంలో వచ్చే స్త్రీ పేరు, ఇవన్నీ జనన మరణాల పుస్తకాలు లేని కాలంలో ఆ పనిచేసిపెడతాయి. పన్ను అధికారి వచ్చిన తేదీ కూడా రాసి ఉంటే, ఒకే రోజు నమోదైనవారు సాధారణంగా పక్కపక్కన ఉన్నవారే.

ఆరో మెట్టు: పెళ్లి పత్రాలు

వర్జీనియా, కెంటకీ ప్రాంతాల్లో వరుడు మరొకరితో కలిసి, ఈ పెళ్లికి చట్టపరమైన అభ్యంతరం లేదంటూ 50 పౌండ్లకు పూచీపత్రం రాసేవాడు. ఇది పెళ్లి జరిగిందనడానికి రుజువు కాదు, జరపాలన్న ఉద్దేశానికి మాత్రమే రుజువు; జరిగిందనడానికి మతబోధకుడి నివేదిక కావాలి. థామస్ లింకన్ పూచీపత్రం మీద జామీనుగా సంతకం చేసినది రిచర్డ్ బెర్రీ, అతను వధువుకు సంరక్షకుడినని రాసుకున్నాడు. జామీనుదారు తరచుగా వధువు తండ్రో, అన్నో అయి ఉంటాడు కాబట్టి అతని గురించి విడిగా వెతకడం తప్పనిసరి. పెళ్లి సాధారణంగా వధువు ఊళ్లో జరుగుతుంది. వాషింగ్టన్ కౌంటీని ముందే తట్టవలసిందీ అందుకే.

దొరికిన భార్య పిల్లలందరికీ తల్లి అని అనుకోవద్దు. హార్డిన్ కౌంటీలో క్లర్కుగా పనిచేసిన శామ్యూల్ హేక్రాఫ్ట్ 1860లో లింకన్ తల్లి విషయంలో పొరపడ్డాడు. శ్రీమతి సారా జాన్‌స్టన్ తన తండ్రికి రెండో భార్య అనీ, తన తల్లి నాన్సీ హ్యాంక్స్ అనీ లింకన్ అతనికి జాబు రాసి సరిచేయవలసి వచ్చింది. సరిచేయడానికి మన పూర్వీకులు లేరు.

ఏడో మెట్టు: మరణానంతర పత్రాలు

వీలునామాతో ఆగిపోకండి. ఎక్కువమంది వీలునామా రాయకుండానే పోయారు. అప్పుడు కోర్టు నియమించిన నిర్వాహకుడి పూచీపత్రం, ఆస్తుల జాబితా, వేలం జాబితా, చివరి లెక్క, మైనర్ల సంరక్షకుల పత్రాలు పుడతాయి. వేలంలో వస్తువులు కొన్నవారిలో వితంతువు, కొడుకులు, అల్లుళ్లు ఉంటారు. తండ్రి పోతే తల్లి బతికున్నా పిల్లలను కోర్టు అనాథలనే రాసేది. అల్లుడు అని అర్థమిచ్చే ఇంగ్లిషు మాటను (సన్-ఇన్-లా) సవతి కొడుక్కీ వాడేవారు. ఒకే పేరున్న ఇద్దరిని పెద్ద, చిన్న అని రాసినంత మాత్రాన వారు తండ్రీకొడుకులు కానక్కరలేదు.

వీలునామాలో పేరు లేని బిడ్డ ముందే వాటా తీసుకుని ఉండవచ్చు. వీలునామా లేని చోట ఆనాటి వారసత్వ చట్టమే మార్గం చూపుతుంది. లింకన్ తాత 1786లో వీలునామా లేకుండా పోయాడు. భూమి పెద్దకొడుక్కే చెందాలన్న నియమాన్ని రద్దుచేసిన వర్జీనియా చట్టం 1787 జనవరి 1న అమల్లోకి వచ్చింది. కొన్ని నెలల తేడాతో భూమి అంతా పెద్దకొడుకు మోర్డెకైకి (1736లో మరణించిన మోర్డెకై వేరు) వెళ్లింది, చిన్నవాడైన థామస్‌కు ఏమీ దక్కలేదు. ఈ చట్టం తెలియనివారు తండ్రి భూమిలో థామస్ పేరు కనిపించకపోవడాన్ని చూసి, అతను ఆ తండ్రి కొడుకే కాదని నిర్ణయించే ప్రమాదం ఉంది.

ఈ జాబితాల్లోనే పశువుల పక్కన, సామాన్ల పక్కన బానిసలుగా ఉంచిన మనుషుల పేర్లూ, వారికి కట్టిన ధరలూ కనిపిస్తాయి. 1850, 1860 బానిసల లెక్కల్లో యజమాని పేరు కింద వయసు, లింగం తప్ప వారి పేర్లు దాదాపుగా లేవు. విముక్తులైనవారిలో అత్యధికులు పేరుతో లెక్కకెక్కినది 1870లోనే. వారి వారసులకు 1870 వెనుక ఉన్న గోడను దాటించేది యజమాని కుటుంబపు వీలునామా, ఆస్తుల జాబితా, దస్తావేజులే. మీరు ఏ కుటుంబం కోసం వెతుకుతున్నా, ఆ పేర్లు కనిపించినప్పుడు పుస్తకం, పేజీ సంఖ్యతో సహా పూర్తిగా రాసి పెట్టండి. ఇది ఐచ్ఛికంగా చేసే ఉపకారం కాదు, పరిశోధకుడి బాధ్యత.

ఎనిమిదో మెట్టు: కోర్టు ఉత్తర్వుల పుస్తకాలు

సూచిక లేక, విసుగు పుట్టించే ఈ పుస్తకాల్లో బాట మరమ్మతుకు పంపిన మనుషుల పేర్లుంటాయి. ఆ బాట మీద నివసించేవారినే పంపేవారు కాబట్టి, అది ఆ సంవత్సరపు ఇరుగుపొరుగు జాబితా. సంరక్షకుల నియామకం, అప్పుల దావా, వేరే రాష్ట్రంలోని ఆస్తి కోసం రాసిన అధికార పత్రం కూడా ఇక్కడే తారసపడతాయి. చివరిది దొరికితే కుటుంబం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

తొమ్మిదో మెట్టు: ఒకే పేరున్నవారిని విడదీయడం

థామస్ లింకన్‌కు అదే పేరున్న బాబాయి కెంటకీలోనే ఉండేవాడు. మోర్డెకైలు తరతరానా ఉన్నారు. ఇలాంటి చోట ప్రతి పత్రాన్నీ తేదీ, కౌంటీ, వాగు, భార్య పేరు, సాక్షులు, సంతకమా, దానికి బదులు గీసిన గుర్తా అన్న గడులతో ఒక పట్టికలో వేసి, ఎవరి వరుస వారికి వేరుచేయాలి. వలసదారులు ఒంటరిగా కదలలేదు. బంధువులు, చర్చివారు, పొరుగువారు గుంపుగా కదిలారు. మీ మనిషి జాడ పోయినప్పుడు అతని సాక్షుల జాడ పట్టుకోండి.

పేర్ల పోలిక ఎంత దూరం తీసుకెళ్తుందో లింకనే చెప్పాడు. న్యూ ఇంగ్లండు లింకన్‌లతో తమకు సంబంధం కలపాలని చూస్తే ఈనాక్, లీవై, మోర్డెకై, సాలమన్, అబ్రహాం వంటి పేర్ల సామ్యం తప్ప స్పష్టమైనదేదీ దొరకలేదని రాశాడు. అది నిజాయితీతో కూడిన తీర్పు. ఆ సంబంధాన్ని తర్వాత నిలబెట్టినది భూమి: 1736లో మరణించిన మోర్డెకై తన వీలునామాలో న్యూజెర్సీలోని 300 ఎకరాలను కొడుకు జాన్‌కు ఇచ్చాడు, ఆ భూమిని జాన్ అమ్మినప్పటి దస్తావేజు అతనెవరో చూపింది. వర్జీనియాకు వెళ్లి స్థిరపడిన లింకన్ ముత్తాత ఈ జానే.

కోర్టుభవనం కాలిపోయి ఉంటే

అంతర్యుద్ధంలో కెంటకీ, వర్జీనియాలలో పలు కోర్టుభవనాలు తగలబడ్డాయి. నిరాశపడి వదిలేయకండి. పన్ను జాబితాల ప్రతులు రాష్ట్రానికి వెళ్లేవి. పట్టాలు రాష్ట్ర భూకార్యాలయంలోనో, సమాఖ్య ప్రభుత్వం దగ్గరో ఉంటాయి. అగ్నిప్రమాదం తర్వాత చాలామంది తమ దస్తావేజులను తిరిగి నమోదు చేయించుకున్నారు. పై కోర్టుకు వెళ్లిన దావాల్లో కింది పత్రాల నకళ్లు ఉంటాయి. అమెరికా స్వాతంత్ర్యం కోసం జరిగిన విప్లవ యుద్ధంలోని సైనికుల పింఛను దరఖాస్తులు, ముఖ్యంగా 1832 చట్టం కింద వచ్చినవి, పుట్టిన చోటునూ, నివసించిన కౌంటీలనూ ఆ వృద్ధుల మాటల్లోనే చెబుతాయి.

చివరి మెట్టు: నిర్ధారణ రాయడం

అమెరికన్ వంశపరిశోధకులు అంగీకరించిన ప్రమాణంలో ఐదు అంశాలున్నాయి: చూడదగిన రికార్డులన్నీ చూడటం, ప్రతి వాక్యానికీ ఆధారం ఇవ్వడం, ఆధారాలను పోల్చి విశ్లేషించడం, వాటి మధ్య విరుద్ధతలను పరిష్కరించడం, నిర్ణయాన్ని తర్కబద్ధంగా రాయడం. ఇంటర్నెట్‌లో ఇతరులు పెట్టిన వంశవృక్షాలు వీటిలో దేనికీ బదులు కావు; ఒకే తప్పును వందమంది నకలు చేసుకున్నా అది వంద ఆధారాలు కాదు. ప్రతి పత్రానికీ కౌంటీ, పుస్తకం పేరు, సంఖ్య, పేజీ, చూసిన తేదీ రాయండి. వెతికి ఏమీ దొరకని పుస్తకాలను కూడా ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు, ఏ వర్ణక్రమాలతో చూశారో నమోదు చేయండి. తరానికీ తరానికీ మధ్య ఉన్న ప్రతి ముడికీ విడిగా ఒక పేజీ రాసి, అది నిశ్చితమా, సంభావ్యమా, ఊహ మాత్రమేనా అన్నది పైనే స్పష్టంగా పెట్టండి. పూర్తయ్యాక ఒక ప్రతిని ఆ కౌంటీ చరిత్ర సంఘానికీ, గ్రంథాలయానికీ ఇవ్వండి.